జాయింటులో చీటీ

మా పేటలో టెలిఫోను తీగల సంగతి తెలిసిన ఆఖరి మనిషికి ఒక చెవి వినపడదు. అందుకే తోటి లైన్‌మాన్లు ఆయనకు ఒంటిచెవి అని పేరు పెట్టారు. ఆయన కోపం తెచ్చుకోకపోవడంతో ఆ పేరు నిలిచిపోయి, మాలాంటి చిన్నవాళ్లందరికీ ఒంటిచెవి బాబాయ్ అయిపోయారు. ఇరవై ఏళ్ల కిందట స్తంభం మీద నిలబడి టెస్ట్ ఫోను చెవికి ఆనించుకుని ఉండగా, ఎక్కడో దూరాన పడిన పిడుగు తీగ వెంబడి వచ్చి ఎడమ చెవిని పట్టుకుపోయిందట. మిగిలిన కుడి చెవితో ఆయన వినే తీరు చూస్తే రెండు చెవులున్న మనం సిగ్గుపడాలి. కళ్లు మూసుకుని పది సెకన్లు వింటే చాలు, తీగకు తడి చేరిందో, జాయింటు వదులైందో చెప్పేసేవారు. తడి తగిలిన లైను కాగే నూనెలా సన్నగా చిటపటలాడుతుందట. వదులు జాయింటు ఎండుటాకు మీద అడుగు వేసినట్టు పలుకుతుందట.

ఆయన్ని మొదటిసారి చూసిన రోజున ఇవేవీ నా తలకెక్కలేదు. నాకు కావలసింది ఒక్కటే. పాప మంచం పక్కనున్న పెట్టె మీద పచ్చదీపం ఆరకూడదు.

పాప ఏడు వారాలు ముందే పుట్టింది. నిద్రలో ఉన్నట్టుండి ఊపిరి ఆగేది. ఐదు సెకన్లు, ఎనిమిది సెకన్లు, ఒక్కోసారి పన్నెండు. తర్వాత తనంతట తనే మళ్లీ అందుకునేది. నెల రోజులు ఆసుపత్రి వార్డులో ఉంచాక, ఛాతీ చుట్టూ ఒక పట్టీ, దాని నుంచి ఒక తీగ, ఆ తీగ చివర ఒక పెట్టె ఇచ్చి ఇంటికి పంపారు. ఊపిరి మరీ ఎక్కువసేపు ఆగితే పెట్టె కూత పెడుతుంది. అంతే కాదు, ప్రతి ఊపిరినీ గీతగా గీసి ఇంటర్నెట్ మీదుగా ఆసుపత్రికి పంపుతుంది. పంపుతున్నంతసేపు పచ్చదీపం. లైను తెగితే నారింజ దీపం. పది నిమిషాల గీతను మాత్రమే పెట్టె గుర్తుపెట్టుకోగలదు. లైను అంతకన్నా ఎక్కువసేపు తెగితే ఆ ముక్క పోయినట్టే.

పిల్లల డాక్టరు ఒకే మాట చెప్పింది. నెలాఖరులోగా ఏడు రోజుల గీత ఒక్క ఖాళీ లేకుండా రావాలి. దాన్ని చూసి పాప ఇంట్లో ఉండొచ్చో లేదో తేలుస్తుంది. రాకపోతే ఏడు రోజులూ వార్డులోనే ఉంచి చూసుకుంటారు. కిందటిసారి వార్డులో పాపకు ఇన్ఫెక్షన్ సోకి రెండు వందల గ్రాములు తగ్గింది. కేజీ ఎనిమిది వందలున్న పిల్లకు రెండు వందలంటే ఏమిటో లెక్క వేయడానికి నా చదువు అక్కర్లేదు.

నేను కాలేజీలో ఫిజిక్సు చెప్పేదాన్ని. టెలిఫోను తీగ మీద ఇంటర్నెట్ ఎలా వస్తుందో ఏటా పిల్లలకు బోర్డు మీద గీసి చూపించేదాన్ని. మనిషి గొంతుకు తీగలో కావలసిన చోటు చాలా తక్కువ. సెకనుకు నాలుగు వేల కంపనాల లోపు ఉంటే చాలు, మాట మాటలాగే వినిపిస్తుంది. అదే రాగి తీగ సెకనుకు పది లక్షల కంపనాలనైనా మోయగలదు. పెద్ద ఇల్లు కట్టుకుని వీధిగదిలో మాత్రమే కాపురముండి, మిగతా గదులన్నిటికీ తాళాలు వేసినట్టన్నమాట. మోడెం వచ్చి ఆ తాళాలు తీస్తుంది. పైనున్న చోటునంతా రెండు వందలకు పైగా సన్నటి గదులు చేసి, ఒక్కోదానిలో కొంచెం కొంచెం సమాచారం పెట్టి పంపుతుంది. ఎక్స్ఛేంజిలో ఉన్న ఇంకో యంత్రం అందుకుంటుంది. ఏ గదిలో గోల ఎక్కువుంటే అందులో తక్కువ పెడతాయి, మరీ గోలగా ఉంటే ఆ గది జోలికే వెళ్లవు. ఇంట్లో గోడకున్న చిన్న ఫిల్టర్ మాటను ఫోనుకూ మిగతాదాన్ని మోడెంకూ పంచుతుంది. అందుకే ఫోనులో మాట్లాడుతుండగానే ఇంటర్నెట్టూ నడుస్తుంది.

ఇంత తెలిసీ నా ఇంట్లో దీపం నారింజ రంగుకు తిరుగుతుంటే చేతులు పిసుక్కుంటూ కూర్చున్నాను. మా ఇల్లు గుట్ట వెనక పల్లంలో ఉంది. సెల్‌ఫోను సిగ్నలు డాబా ఎక్కితే తప్ప అందదు. పెట్టెకు ఉన్న దారి ఆ పాత టెలిఫోను తీగ ఒక్కటే. మోడెం లోపలి పేజీలో ఒక అంకె కనిపిస్తుంది. లైనులో ఉన్న గోల కన్నా మన సంకేతం ఎంత పైన ఉందో చెప్పే అంకె. ఆరుకు పైన ఉంటే నిశ్చింత. రెండుకు దిగిందంటే కాసేపట్లో లైను తెగుతుంది. ఆ అంకెను గంటగంటకూ పుస్తకంలో రాసేదాన్ని. మా ఆయన నీళ్ల పంపింగ్ స్టేషన్లో షిఫ్టు డ్యూటీ చేస్తారు. ఇంటికి రాగానే చెప్పులు విప్పకుండానే అడిగేవారు, "ఎంత?" అని. పాప బరువు అనుకునేరు. లైను అంకె.

కంపెనీ వాళ్లు ముగ్గురిని పంపారు. మొదటతను మోడెం మార్చాడు. రెండో అతను ఫిల్టర్ మార్చాడు. మూడో అతను గోడ నుంచి లోపలికి కొత్త తీగ లాగి, మీటరు పెట్టి, అన్నీ సరిగ్గానే ఉన్నాయని చూపించాడు. తీగ ఎక్కడా తెగలేదు, నేలకు తగలడం లేదు, ఫోను గణగణ మోగుతోంది. "లైను బాగుంది మేడమ్" అని చెప్పి ఫిర్యాదు మూసేశాడు. ముగ్గురూ వెళ్లిన అరగంటకల్లా దీపం నారింజ అయ్యేది. నలభై రోజుల్లో మా ఇంట్లో ఏడు రోజుల గీత కాదు కదా, రెండు రోజుల గీత కూడా కుదరలేదు.

ఒంటిచెవి బాబాయ్ వచ్చింది ఇరవై ఒకటో తారీఖున. రిటైరయ్యాక కాంట్రాక్టరు కింద పనిచేస్తున్నారు. ఏడు రోజులు నెలాఖరులోగా పూర్తి కావాలంటే ఇరవై మూడు ఉదయానికి లెక్క మొదలవ్వాలి. అప్పటికి నాకు లైన్‌మాన్ అనే మాట వింటేనే ఒళ్లు మండేది. ఆయన చెప్పులు గుమ్మం బయట విడిచి, పాప ఉన్న గదిలోకి రాకుండా అక్కడే నిలబడి, పెట్టెనూ దీపాన్నీ చాలాసేపు చూశారు. తర్వాత మీటరు తీయలేదు. నా పుస్తకం అడిగారు.

నేలమీద కూర్చుని, కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, పేజీలన్నీ వేలు పెట్టి చదివారు. నలభై రోజుల అంకెలు. వాటిని నేను ఎన్నిసార్లు చూశానో. గ్రాఫు కూడా గీశాను. ఆయన ఐదు నిమిషాల్లో తల ఎత్తి, "గురువారాలు ఒక్కసారి కూడా తెగలేదేం?" అన్నారు.

నేను పుస్తకం లాక్కున్నంత పని చేశాను. నిజమే. ఐదు గురువారాలు. అన్నీ తొమ్మిది, తొమ్మిదిన్నర. నేను గంటల వారీగా వెతికి, రాత్రిళ్లు తెగకపోవడం చూసి, ఊరంతా పడుకుంటే గోల తగ్గుతుందిలే అనుకున్నాను గానీ వారాల వారీగా చూడలేదు. భయపడుతున్నవాళ్లకు రోజులన్నీ ఒకటే.

గురువారం మీ చుట్టుపక్కల ఏది మూసి ఉంటుందని ఆయన అడిగితే, నేను ఆలోచించేలోపే వంటింట్లోంచి అత్తయ్య అంది, మలుపు మీది టైలరమ్మ కొట్టు అని. అంతటితో ఊరుకోకుండా, ఆవిడ నెలన్నర కిందటే ఆర్డర్లు తీసుకోవడానికి ఇంటర్నెట్ పెట్టించుకుందనీ, కొట్టు మూసేటప్పుడు మెయిన్ స్విచ్ ఆపేస్తుందనీ, అల్లుడు వద్దన్నా వినలేదనీ చెప్పుకొచ్చింది.

"ఆ అల్లుడి సంగతి మీకెలా తెలుసు అత్తయ్యా?" అన్నాను. టైలరమ్మకూ అత్తయ్యకూ ఎదురుపడితే నవ్వుకునేంత పరిచయమే.

అత్తయ్య చేతిలోని గిన్నెను అవసరమైన దానికన్నా ఎక్కువసేపు తుడిచింది. బాబాయ్ ఆమె వంక తిరిగి, వినపడే చెవిని ముందుకు పెట్టి, మెల్లగా అడిగారు. "అక్కయ్యా, ఫోనులో ఏమైనా వినిపిస్తుందా?"

అత్తయ్య ముఖం ఎర్రబడింది. "నేనేం కావాలని వినలేదు. ఫోను ఎత్తితే వెనకాల సన్నగా ఆవిడ గొంతు. చెవులు మూసుకుని ఫోను మాట్లాడతానా ఏం?"

"ఎప్పట్నుంచి?"

"ఫోను పెట్టినప్పట్నుంచీ. మీ మామయ్య బతికుండగానే చెప్పాను. ఊరుకో, పోయిందేముంది, ఊరి కబుర్లు ఊరికే వస్తున్నాయి అన్నారాయన."

నాకు నవ్వొచ్చి ఉండాలి. రాలేదు, ఎందుకంటే బాబాయ్ ముఖం చూశాను. ఆయన సంచి తీసుకుని వీధి మలుపుకు నడిచారు. అక్కడ గోడకు ఒక ఇనుప పెట్టె ఉంది. వీధి కిందినుంచి వచ్చే కేబులు అందులో విడిపోయి ఇళ్లకు చేరుతుంది. మూత తెరిచి, లోపలి తీగలను చీపురు పుల్లలు వేరుచేసినట్టు వేలితో పక్కకు జరిపి చూసి, మూత వేశారు. మా ఇంటి దగ్గరికి వచ్చి ఈసారి మీటరు పెట్టారు. తీగ పొడవెంతో చెప్పే మీటరు. అది నాలుగు వందల పది మీటర్లు చూపించింది.

"ఎక్స్ఛేంజి కేబులు వీధులకు చీలే పిల్లర్ నుంచి మీ గోడకు నా అడుగులు ఆరు వందల నలభై" అన్నారు. "అంటే నాలుగు వందల ఎనభై మీటర్లు. రాగి తీగ పెరగదు, తరగదు తల్లీ. దారిలో ఎక్కడో మీ లైనులోని రెండు తీగలూ ఒకదాన్నొకటి అంటిపెట్టుకుని లేవు. అందుకే మీటరుకు పొట్టిగా కనిపిస్తోంది."

అప్పుడు నాకు వెలిగింది. టెలిఫోను తీగ ఒంటరిది కాదు, జత. రెండు సన్నటి తీగలను జడలా మెలివేస్తారు. అలంకారానికి కాదు. బయటి గోల ఏదైనా వచ్చి పడితే మెలిక వల్ల రెండింటి మీదా సమానంగా పడుతుంది. రెండు చివర్లలోనూ తేడాను మాత్రమే లెక్కలోకి తీసుకుంటారు గనుక, సమానంగా పడ్డ గోల కొట్టుకుపోతుంది. ఒక కేబులులో వంద జతలు ఒకదాన్నొకటి రాసుకుంటూ పోతున్నా ఎవరి మాట వాళ్లదే కావడానికి కారణం ఆ మెలిక. మా జతలోని ఒక తీగ టైలరమ్మ జతలోని తీగతోనూ, ఆవిడ తీగ మా తీగతోనూ మెలిపడి ఉంటే? కరెంటు చుట్టు తిరుగుతుంది. గంట మోగుతుంది. ఏ మీటరు పెట్టినా లైను బాగుందనే అంటుంది. కానీ ఆవిడ మోడెం వేసిన ప్రతిసారీ దాని గోలంతా నేరుగా మా తీగలోకే. మాట ఉన్నంతకాలం వెనకాల సన్నటి గొంతుగా ఉన్నది, ఇంటర్నెట్ వచ్చాక పాప గీతను తెంపే చెయ్యి అయింది.

కాంట్రాక్టరు ఆఫీసుకు ఫోను చేసి, తీగలు కలిపిన జాయింటు ఉండే నేలకింది గొయ్యి, అంటే చాంబరు, తెరవాలన్నారు బాబాయ్. నేను పక్కనే ఉన్నాను. వచ్చే ఏడాది ఫైబర్ వేస్తున్నాం, రాగి జాయింట్లు ముట్టుకోవద్దు, లోపం కనపడలేదని రాసి మూసెయ్యమని సూపర్‌వైజరు చెప్పాడు. బాబాయ్ సరేనన్నారు. ఆయన ఫోను పెట్టేసి, రేపు గురువారం నాకు సెలవు, టైలరమ్మ కొట్టూ ఉండదు, పొద్దున్నే వస్తానన్నారు.

ఆ సాయంత్రం ఆయన వీధి అరుగు మీద కూర్చుని టీ తాగుతూ మాటల్లో పడ్డారు. పందొమ్మిదో ఏట కేబులు గోతులు తవ్వే కూలీగా చేరారట. జాయింట్లు కట్టే పెద్దాయన ఒకాయన ఈయన వేళ్లు చూసి, గడ్డపార పట్టే వేళ్లు కావని పక్కన కూర్చోబెట్టుకున్నాడట. తెలుపుతో నీలం, తెలుపుతో నారింజ, తెలుపుతో ఆకుపచ్చ, తెలుపుతో గోధుమ, తెలుపుతో బూడిద, మళ్లీ ఎరుపుతో మొదలు. తీగల జతల ఈ రంగుల వరస నిద్రలో లేపి అడిగినా చెప్పాలి. బాబాయ్ దానికి రాగం కట్టుకున్నారు. పెళ్లయ్యాక కూతుర్ని జోకొట్టింది ఆ రాగంతోనే. ఆ పిల్లకు రంగులన్నీ వచ్చాయి గానీ, తెలుపు ప్రతిదాని వెనకా ఎందుకు తిరుగుతుందని అడిగేదట. ఈ ముక్క చెబుతూ ఆయన నవ్వబోయి మధ్యలో ఆపేశారు. ఎందుకో అప్పుడు తెలియలేదు. కూతురు ఇప్పుడు బస్సు కండక్టరని చెప్పి, గ్లాసు కింద పెట్టి లేచారు.

గురువారం ఎనిమిదింటికల్లా వచ్చారు. చాంబరు మా ఇంటికి యాభై అడుగుల దూరంలో, నడిచే బాట కింద ఉంది. సిమెంటు మూత లేపితే నడుములోతు నీళ్లు. బకెట్టుతో తోడడానికే గంటన్నర పట్టింది. లోపల గోడకు ఆనించి నల్లగా, మోచేతి పొడవున జాయింటు. అది విప్పితే మళ్లీ కట్టేదాకా మా ఫోనూ ఇంటర్నెట్టూ రెండూ ఉండవు. దీపం నారింజే.

పదకొండింటికి మబ్బు పట్టింది. విప్పిన జాయింటు మీద వాన పడితే మా ఒక్క లైనే కాదు, వీధి మొత్తానికి తడి చేరుతుంది. బాబాయ్ పైకి చూసి, గొడుగు ఉందా అని అడిగారు. పాపను అత్తయ్య ఒడిలో పెట్టి, పెట్టె కూత వినిపించేలా కిటికీ రెక్కలు బార్లా తెరిచి, పెద్ద గొడుగు పట్టుకుని గొయ్యి అంచున కూర్చున్నాను. ఒక చెవి కిటికీ వైపు, రెండు కళ్లు గొయ్యి వైపు. చినుకులు మొదలయ్యాయి.

నల్లటి తొడుగు పొడవునా కోసి తీశారు. లోపల రంగురంగుల తీగల కట్ట. దాని మధ్యలో పాలిథిన్ కాగితంలో మడిచి, దారంతో కట్టిన ఒక చీటీ. జాయింటు కట్టినవాళ్లు తేదీ, జతల సంఖ్య, పేరు రాసి లోపల పెట్టి మూసెయ్యడం వాళ్ల పద్ధతట. మళ్లీ ఎప్పుడో విప్పేవాడికి, ఇది ఎవరి చెయ్యో తెలియడానికి. బాబాయ్ దాన్ని విప్పలేదు. చేతికి అందిన మొదటి క్షణంలోనే పక్కన పెట్టేశారు. తర్వాత ఏమనుకున్నారో, తీసి నాకు అందించారు.

"చదువు."

ముప్పై ఒక్క ఏళ్ల కిందటి తేదీ. యాభై జతలు. కింద సంతకం. నిన్న మా ఫిర్యాదు కాగితం మీద బాబాయ్ పెట్టిన సంతకమే, అప్పటికి కొంచెం నిటారుగా ఉంది.

ఆయన తలెత్తకుండా, తీగలు వేరుచేస్తూనే చెప్పారు. ఆ రోజు సగం జాయింటు అయ్యాక, మూడేళ్ల కూతురికి ఫిట్సు వచ్చాయని పక్కింటాయన సైకిలు మీద కబురు తెచ్చాడు. జతలను ఎప్పుడూ వేలెడు పొడవుకు మించి విప్పకూడదు, ఒకటి కట్టాకే ఇంకొకటి ముట్టుకోవాలి. ఎందుకంటే ఐదు జతల్లోనూ తెలుపు ఒకే తెలుపు. మెలిక పోతే ఏ తెలుపు ఎవరి తెలుపో దేవుడికి కూడా తెలియదు. ఇంటికి పరుగెత్తే తొందరలో మిగతా జతలన్నీ ఒక్కసారే విప్పేశారు. కట్టేసి మలుపు మీది పెట్టె దగ్గరికి పోయి చూస్తే రెండు ఫోన్లు మూగవి.

"తెల్లవి రెండూ తారుమారయ్యాయని అర్థమైంది. జాయింటు మళ్లీ విప్పాలంటే రెండు గంటలు. పెట్టెలోనే ఆ రెండిటినీ ఇటుది అటూ అటుది ఇటూ మార్చాను. రెండు ఫోన్లూ మోగాయి. పరుగెత్తాను."

"మీ అమ్మాయికి ఎలా ఉంది?"

"నేను వెళ్లేసరికి మంచం మీద కూర్చుని బిస్కెట్టు తింటోంది."

వాన గొడుగు మీద టపటపలాడుతోంది. నాకు కోపం రావాలని చూశాను, వచ్చింది కూడా. మర్నాడైనా వచ్చి సరిచేయొచ్చు కదా అన్నాను.

"మర్నాడు ఇంకో వీధి. మాట బాగుంది. బాగున్న జాయింటును ఎవరు విప్పుతారు తల్లీ?" ఇంకో జత అందుకుంటూ అన్నారు, "నిన్న ఫోనులో గొంతు వినిపిస్తుందని అక్కయ్య అన్నప్పుడే తెలిసింది. ఇంకెవరో చేసింది అయ్యుండాలని రాత్రంతా అనుకున్నాను."

"నలభై రోజులు, బాబాయ్" అన్నాను.

ఆయన అవునన్నట్టు తల ఊపారు. "గొడుగు కొంచెం ఇటు పట్టు" అన్నారు.

పట్టాను. నా వీపు తడిసిపోయింది. ఈసారి ఆయన ఒక్కో జతనూ వేలెడు మేరకే విప్పి, చివరలు కలిపి, మెలిక మళ్లీ వేసి, లోపల రాగం తీస్తూ కట్టారు. తెలుపుతో నీలం, తెలుపుతో నారింజ. మధ్యలో కిటికీలోంచి పాప ఏడుపు వినిపించింది. ఏడుస్తోందంటే ఊపిరి తీస్తోంది. ఆ నలభై రోజుల్లో నాకు అలవాటైన లెక్క అది.

మూసేముందు కొత్త చీటీ రాశారు. తేదీ, జతలు, పేరు. దాని కింద, పాత జాయింటులో రెండు తెల్లవి తారుమారు, చేసింది నేనే, సరిచేసింది నేనే అని ఇంకో వరస. పాత చీటీని కూడా దానితోపాటే మడిచి లోపల పెట్టారు. వచ్చే ఏడాది ఫైబర్ వేశాక దీన్ని ఎవరూ విప్పరు కదా అన్నాను. అయినా సరే అన్నారు. మలుపు మీది పెట్టెలోని పాత తారుమారును కూడా విప్పి సరిచేసేసరికి మూడున్నర. దీపం పచ్చబడింది. అంకె పన్నెండు.

ఆఫీసులో ఆయన జాయింటు తప్పని రాయించబోతే, సూపర్‌వైజరు నవ్వి, కంప్యూటర్లో దానికి గడి లేదు, లోపం కనపడలేదు అని ఉన్న గడిలోనే టిక్కు పెడతానన్నాడట. ఇది బాబాయే చెప్పారు, నొచ్చుకుంటూ.

శుక్రవారం పదింటికి లెక్క మొదలైంది. అదే సమయానికి టైలరమ్మ కొట్టు తెరిచింది. నేను మోడెం పేజీ ముందు కూర్చున్నాను. పన్నెండు, పదకొండున్నర. అక్కడే నిలబడింది. అత్తయ్య ఫోను ఎత్తి, చెవికి పెట్టుకుని, చాలాసేపు విని, పెట్టేసింది. "ఏమీ లేదు" అంది. ఆ గొంతులో కొంచెం దిగులు కూడా ఉంది.

ఆ పొద్దున, లెక్క మొదలవకముందే, పాపకు స్నానం చేయించి చొక్కా తొడుగుతుంటే చెయ్యి ఆగిపోయింది. పాప ఇంటికొచ్చిన కొత్తలో టైలరమ్మ కుట్టి పంపిన చొక్కా అది. పక్కన కుట్టు దగ్గర, కాజా కుట్టినట్టు, సన్నటి రంధ్రం ఉంది. పెట్టె తీగ అందులోంచి చక్కగా బయటికి వస్తుంది. అత్తయ్య చెప్పి ఉంటుందని నేను, నేను చెప్పి ఉంటానని అత్తయ్య ఇన్నాళ్లూ అనుకున్నాం. అడిగి చూసుకుంటే ఎవరమూ చెప్పలేదు. గొంతులు ఒకవైపే వెళ్లవు కదా. డాక్టరుతో, మా అమ్మతో నేను ఆ ఫోనులో ఏడ్చినవన్నీ ఆవిడ వింది. విని, ఎక్కడా అనకుండా, ఒక రంధ్రం కుట్టింది.

ఐదో రోజు మధ్యాహ్నం ఉరుములు. ఉరుములప్పుడు మోడెంను లైను నుంచి తీసేయాలని నాకు తెలుసు. బాబాయ్ చెవి ఎలా పోయిందో కూడా తెలుసు. తీస్తే గీత తెగుతుంది. తీయకపోతే ఒక్క పిడుగుతో మోడెం, పెట్టె అన్నీ పోవచ్చు. ఆ తీగ చివరే పాప ఉంది కదా అని పట్టీ విప్పి పాపను భుజాన వేసుకుంటే ఆ గీతా ఖాళీయే. పది నిమిషాలు మాత్రం పెట్టె ఓర్చుకుంటుంది. మెరుపుకూ ఉరుముకూ మధ్య సెకన్లు లెక్కపెట్టాను. పదిహేను. పన్నెండు. ఎనిమిది. లైను పీకేశాను. గడియారం చూస్తూ కూర్చున్నాను. ఆరో నిమిషానికి ఆ ఎనిమిది సెకన్లు పద్నాలుగయ్యాయి. ఎనిమిదో నిమిషంలో లైను పెట్టేశాను. మోడెం గదులన్నీ ఒక్కొక్కటిగా తట్టి చూసుకుని నిలబడేసరికి తొమ్మిది నిమిషాల ఇరవై సెకన్లు. పచ్చదీపం.

బాబాయ్ రోజూ సాయంత్రం డ్యూటీ దిగి మా వీధి మీదుగా వెళ్లేవారు. అది ఆయన దారి కాదు. లోపలికి రారు. కిటికీ దగ్గర సైకిలు ఆపి, వినపడే కుడి చెవిని ఇటు తిప్పేవారు. నేను అంకె చెప్పేదాన్ని. తల ఊపి వెళ్లిపోయేవారు. కోపం పోయిందా అని ఆయన అడగలేదు, పోయిందని నేను చెప్పలేదు. ఐదో రోజున మాత్రం తొమ్మిది నిమిషాల ఇరవై అన్నాను. ఆయన సైకిలు సీటు మీద చెయ్యి పెట్టుకున్నారు. ఆ తర్వాత, చాలా నెమ్మదిగా, "నేనైతే ఇంకా ముందే పీకేవాణ్ని" అన్నారు.

ముప్పయ్యో తారీఖు పదింటికి ఏడు రోజులు పూర్తయ్యాయి. మధ్యాహ్నం రెండున్నరకు ఫోను మోగింది. డాక్టరు. ఫోను ఎత్తి, అలవాటుగా పెట్టె వైపు తిరిగాను. నాలుగు వేల లోపు మా మాటలు పోతున్నాయి, దాని పైన పాప ఊపిరి పోతోంది, రెండూ ఆ సన్నటి జత మీదే. పచ్చదీపం కదల్లేదు. డాక్టరు ఏదో చెబుతోంది. వెనకాల ఎవరి గొంతూ లేదు. దీపం వంకే చూస్తున్నాను.

"వింటున్నారా?" అంది డాక్టరు.

లేదని ఒప్పుకున్నాను. మళ్లీ చెప్పమన్నాను. ఆవిడ విసుక్కోకుండా మొదటినుంచీ చెప్పింది. గీత మొత్తం వచ్చింది. పొడవైన విరామం పది సెకన్లే, అవి కూడా రోజురోజుకూ తగ్గుతున్నాయి. వార్డు అక్కర్లేదు. పట్టీ మాత్రం ఇంకో నెల ఉంచండి.

ఇంకో నెల అంటే ఇంకో నెల దీపం. అయినా కూర్చోవాలనిపించి కూర్చున్నాను. అత్తయ్య తలుపు దగ్గర నిలబడి కళ్లతోనే అడిగింది. నేను తల ఊపాను. ఆవిడ మలుపు మీది కొట్టుకు బయల్దేరింది, చెప్పులు వేసుకోవడం కూడా మరిచి. ఇంతకాలం ఫోనులో విన్న మనిషికి ఈ ఒక్క సంగతి ఎదురుగా చెప్పాలట.

సాయంత్రం కిటికీ దగ్గర సైకిలు ఆగింది. బాబాయ్ కుడి చెవి ఇటు తిప్పారు. నేను అంకె చెప్పలేదు. పాపను ఎత్తి కిటికీ దగ్గరికి తీసుకెళ్లాను. పెట్టె తీగ అందినంత దూరం.